ప్రీఆర్డర్ చెయ్యనోడే దొంగా?

"నీలాంటోళ్ల వల్లే మావా ఆ గేమ్ చచ్చిపోయింది."

రాత్రి పదకొండున్నరకి, హాస్టల్ వైఫై పడుకున్నాక, మా రూమ్మేట్ నన్ను అన్న మాట ఇది. గేమ్ పేరు డెస్టినీ 2. నా నేరం ఏంటంటే కొత్త ఎక్స్‌పాన్షన్ వస్తుందంటే నేను ప్రీఆర్డర్ చెయ్యను. వాడు ప్రతిసారీ చేస్తాడు. ఆ రాత్రి మాటా మాటా పెరిగి రెండు రోజులు మెస్‌కి కూడా విడివిడిగా వెళ్లాం. మూడో రోజు బిర్యానీ కాబట్టి కలిసిపోయాం, అది వేరే విషయం. కానీ వాడన్న మాట మాత్రం నా బుర్రలోంచి పోలేదు. అందుకే ఇది రాస్తున్నా.

ముందే చెప్పేస్తున్నా, నాది చిన్నప్పట్నుంచీ ఇంగ్లిష్ మీడియం. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. కాబట్టి తెలుగులో తప్పులుంటే మన ఎడిటర్ అక్క దిద్దుతుంది, ఆవిడ కూడా వదిలేస్తే మీరు క్షమించేయండి.

గేమ్స్ ఆడని వాళ్లకి రెండు ముక్కలు. డెస్టినీ 2 అనేది బంగీ అనే అమెరికన్ స్టూడియో 2017లో రిలీజ్ చేసిన ఆన్‌లైన్ షూటింగ్ గేమ్. 2019 అక్టోబర్ నుంచి బేస్ గేమ్ ఫ్రీ. కానీ 2024 దాకా దాదాపు ఏడాదికోసారి కొత్త కథ, కొత్త ప్రదేశాలు, కొత్త ఆయుధాలతో ఒక ఎక్స్‌పాన్షన్ వచ్చేది. అది డబ్బులిచ్చి కొనాలి. రిలీజ్‌కి నెలల ముందే డబ్బు కట్టేయడాన్నే ప్రీఆర్డర్ అంటారు. గేమ్ ఫ్రీ కాబట్టి కంపెనీ బతికేది ఈ ఎక్స్‌పాన్షన్ల మీద, లోపల అమ్మే డ్రెస్సులూ సీజన్ పాస్‌ల మీద. అందుకే ప్రీఆర్డర్ నంబర్ అంటే ఆఫీసులో అందరికీ బీపీ పెంచే నంబర్.

ఇప్పుడు అసలు కథ. 2022 ఫిబ్రవరిలో విచ్ క్వీన్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. ఆ గేమ్ చరిత్రలో బెస్ట్ వాటిలో ఒకటని చాలామంది అంటారు. అదే ఏడాది బంగీని సోనీ 360 కోట్ల డాలర్లకి కొనేసింది. తర్వాతి ఏడాది, 2023 ఫిబ్రవరి 28న, లైట్‌ఫాల్ వచ్చింది. రిలీజ్ రోజు స్టీమ్‌లో ఒకేసారి 3 లక్షల 16 వేల మంది ఆడారు. అంత జనం వచ్చారు గానీ కథ ఎవరికీ ఎక్కలేదు. ఏదో వీల్ అంటారు, అదేంటో చెప్పరు. స్టీమ్ రివ్యూలు ఎర్రగా నిండిపోయాయి. ఆ ఆగస్టులో తర్వాతి ఎక్స్‌పాన్షన్ ది ఫైనల్ షేప్‌ని చూపించి ప్రీఆర్డర్లు తెరిచారు. పదేళ్ల కథకి ముగింపు అన్నారు. చనిపోయిన కేడ్-6 అనే పాత్ర తిరిగొస్తాడన్నారు. అయినా జనం ఎగబడలేదు.

అక్టోబర్ 30న బంగీలో లేఆఫ్స్. దాదాపు 1200 మంది ఉన్న స్టూడియోలో సుమారు 100 మందిని తీసేశారు. అందులో మొదటి నుంచీ ఆ గేమ్‌కి మ్యూజిక్ చేసిన మైకేల్ సాల్వటోరి కూడా ఉన్నాడు. ఆ ఏడాది ఆదాయం అనుకున్న దానికంటే 45 శాతం తక్కువగా నడుస్తోందని మేనేజ్‌మెంట్ ఉద్యోగులకి చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. లైట్‌ఫాల్ తర్వాత జనం తగ్గడం, ఫైనల్ షేప్ ప్రీఆర్డర్లు వీక్‌గా ఉండటం కారణాలుగా చెప్పుకున్నారు.

ఇక ప్లేయర్లు రెండు ముక్కలయ్యారు. ఒక పార్టీ, "మీరు ప్రీఆర్డర్ చెయ్యలేదు కాబట్టే వంద మంది రోడ్డున పడ్డారు" అంది. ఇంకో పార్టీ, "చూడని దానికి డబ్బులెందుకు కట్టాలి" అంది. నా రూమ్మేట్ మొదటి పార్టీ, నేను రెండోది. ఇప్పటికీ ఆ గొడవ అలాగే ఉంది.

ముందు వాడి వైపు నుంచి న్యాయంగా చెప్తా. వాడి పాయింట్ చెత్తది కాదు. "ఇష్టమైన హోటల్‌కి మనం వెళ్లకపోతే మూతపడుతుంది కదరా. మూతపడ్డాక అయ్యో అంటే ఏం లాభం? ఆన్‌లైన్ గేమ్ పుస్తకం కాదు, సర్వర్ ఆపేస్తే ఇంట్లో దాచుకోవడానికి కూడా ఏమీ మిగలదు" అంటాడు. నిజమే. పైగా స్టీమ్‌లో ప్రీఆర్డర్ చేసినా రిలీజ్ కాకముందు ఎప్పుడైనా రీఫండ్ అడగొచ్చు. రిలీజ్ అయ్యాక కూడా పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటల లోపు ఆడితే రీఫండ్ ఇస్తారు. "రిస్క్ ఎక్కడుంది?" అంటాడు.

దానికి నా జవాబు మా తాతయ్య దగ్గర దొరికింది. తాతయ్యకి నూజివీడు దగ్గర చిన్న మామిడి తోట ఉంది. పూత మీదున్నప్పుడే షావుకారు వచ్చి తోటంతా తిరిగి చూసి రేటు కట్టేస్తాడు. కాయ ఇంకా పిందె కూడా కాలేదు. గాలివాన వస్తే పూత రాలిపోవచ్చు, పురుగు పట్టొచ్చు. ఆ రిస్క్ మొత్తం షావుకారుది. అందుకే ఆయన కాయ రేటు ఇవ్వడు, తక్కువకి అడుగుతాడు. తాతయ్య కూడా ఒప్పుకుంటాడు, ఎందుకంటే డబ్బు ముందే చేతికొస్తుంది, భయం ఉండదు. ముందే కొనేవాడికి తగ్గింపు ఉంటుంది. అది వ్యాపారం.

ప్రీఆర్డర్‌లో ఏం జరుగుతుందో చూడండి. పూత మీదే కొంటాను, పండిన కాయ రేటు ఇస్తాను. రిస్క్ నాది, రేటు మాత్రం ఫుల్లు. దాని బదులు ఫైనల్ షేప్‌కి యాన్యువల్ పాస్‌తో కలిపి ముందే కడితే టెస్సెలేషన్ అనే తుపాకీ ఇచ్చారు. తుపాకీ బాగానే ఉండొచ్చు. కానీ అది తగ్గింపు కాదు. డిజిటల్ గేమ్ కాపీలు అయిపోవు కూడా. షాపులో డిస్కులు అమ్మే రోజుల్లో ముందే చెప్పి పెట్టుకోకపోతే దొరక్కపోవచ్చు, ఆ రోజుల్లో ప్రీఆర్డర్‌కి అర్థం ఉంది. ఇప్పుడు రిలీజ్ రోజు అర్ధరాత్రి కొన్నా దొరుకుతుంది, వారం తర్వాత రివ్యూలు చూసుకుని కొన్నా దొరుకుతుంది. అలాంటప్పుడు ముందే కట్టేదాన్ని కొనడం అనలేం. అది నమ్మకం చూపించడం. నమ్మకం చూపించమని బతిమాలొచ్చు. చూపించలేదని తిట్టకూడదు.

ఒక సంవత్సరం షావుకారు రాలేదనుకోండి. తాతయ్య ఆయన ఇంటికెళ్లి "నీ వల్ల నా తోట నాశనమైపోయింది" అనడు. "పోయినేడు కాయ ఎలా ఉంది?" అని తనని తానే అడుగుతాడు. పోయినేడు కాయలో పురుగుంటే ఈ ఏడు రేటు పడిపోతుంది, ఈసారి పూత ఎంత బాగున్నా సరే.

నేను చెప్పదలుచుకున్న అసలు పాయింట్ ఇదే. ప్రీఆర్డర్ నంబర్ రాబోయే ఎక్స్‌పాన్షన్ గురించి ఏమీ చెప్పదు. వెళ్లిపోయిన ఎక్స్‌పాన్షన్ గురించి చెప్తుంది. మన సినిమాల్లో ఇది అందరికీ తెలిసిన సంగతే కదా. హీరో పోయిన సినిమా హిట్టయితే ఈ సినిమా చెత్తగా ఉన్నా మొదటి రోజు బెనిఫిట్ షోకి టికెట్ దొరకదు. పోయిన సినిమా పోతే ఈసారి మంచి సినిమా తీసినా అడ్వాన్స్ బుకింగ్ డల్‌గా ఉంటుంది, టాక్ వచ్చాకే సాయంత్రం షోలు నిండుతాయి. లైట్‌ఫాల్‌కి వచ్చిన 3 లక్షల 16 వేల మంది లైట్‌ఫాల్ చూసి రాలేదు, విచ్ క్వీన్ చూసి వచ్చారు. ఫైనల్ షేప్‌ని ముందే కొననివాళ్లు ఫైనల్ షేప్ మీద అలగలేదు, లైట్‌ఫాల్‌కి బిల్లు వేశారు.

ఇంకో పాత బాకీ కూడా ఉంది. 2020 నవంబర్‌లో బియాండ్ లైట్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చినప్పుడు గేమ్ సైజు పెరిగిపోయిందని చెప్పి పాత కంటెంట్ చాలావరకు తీసేశారు. 2017లో జనం డబ్బులిచ్చి కొన్న రెడ్ వార్ కథ, మార్స్, టైటన్, అయో, మెర్క్యురీ అన్నీ పోయాయి. 2022లో ఫోర్సేకెన్ కథ కూడా పోయింది. టెక్నికల్ కారణాలు ఉండొచ్చు. కోడ్ రాసేవాడిగా నాకూ కొంత అర్థమవుతుంది, పాత కోడ్ మోసుకుంటూ తిరగడం నరకం. కానీ కొన్నవాడి వైపు నుంచి చూడండి. వస్తువు రాకముందే డబ్బు ఇమ్మంటారు, డబ్బు ఇచ్చిన వస్తువు తర్వాత తీసేస్తారు. ఇది రెండుసార్లు చూసినవాడు మూడోసారి చేతులు కట్టుకుని నిలబడితే వాడిని దొంగ అనడం ఎలా?

సరే, ఇక్కడిదాకా ఎవరైనా చెప్తారు. నాకు ఈ విషయం ఎందుకంత పట్టిందో చెప్తాను.

నన్ను ఈ గేమ్‌లోకి దించింది మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేవాడు. బంగీలో లేఆఫ్స్ జరిగినప్పుడు నేను ఇంటర్ సెకండియర్, ఫోన్ కూడా ఇవ్వని రెసిడెన్షియల్ కాలేజ్‌లో ఉన్నా. సంక్రాంతి సెలవులకి ఇంటికొచ్చినప్పుడే తెలిసింది. ఆ వార్త చెప్పింది అన్నయ్యే. చెప్పి, "నన్ను కూడా తీసేశార్రా" అన్నాడు, పెద్దమ్మ వినకుండా మేడ మీద. పావుగంట వీడియో కాల్ అంట. ప్రాజెక్ట్ ప్రొజెక్షన్ అందుకోలేదు అన్నారంట.

నేను ఏదో ఒకటి అనాలని, "ఎంత తగ్గింది?" అని అడిగా. అన్నయ్య నవ్వాడు. "ఎంత తగ్గిందో చెప్పార్రా. ఎంత రావాలని ముందు ఎవరు రాశారో మాత్రం చెప్పలేదు. నేనైతే రాయలేదు."

ఆ తర్వాత ఎప్పుడు ఆ 45 శాతం అనే అంకె చూసినా నాకు మేడ మీద అన్నయ్యే గుర్తొస్తాడు. 45 శాతం తక్కువ అంటే దేనికంటే తక్కువ? నష్టం 45 శాతం అని కాదు. ఎవరో ఒక ఎక్సెల్ షీట్‌లో ఒక పెద్ద నంబర్ వేశారు, వచ్చింది ఆ నంబర్‌లో సగం కంటే కాస్త ఎక్కువ. ఆ పెద్ద నంబర్ వేసింది ప్లేయర్లు కాదు. మ్యూజిక్ చేసినాయన కాదు. అది తప్పినప్పుడు మాత్రం ప్లేయర్లని తిట్టారు, మ్యూజిక్ చేసినాయన ఉద్యోగం పోయింది. మనం మనం కొట్టుకుంటుంటే నంబర్ వేసినవాడి పేరే ఎవరూ అడగలేదు.

ఇంకొక సంగతి మా కామర్స్ ఫ్రెండ్ చెప్పేదాకా నాకు తెలీదు. ముందే వసూలు చేసిన డబ్బుని కంపెనీ ఖాతాల్లో వెంటనే ఆదాయంగా రాసుకోవడం కుదరదు, సరుకు ఇచ్చాకే అది ఆదాయం. అప్పటిదాకా అది బాకీ కిందే లెక్క. ఆ మాట నాకు భలే నచ్చింది. మనం ముందే డబ్బు కడితే కంపెనీ మనకి బాకీ పడినట్టు. కట్టనివాడు కంపెనీకి ఏమీ బాకీ లేడు.

"మీరు ప్రీఆర్డర్ చేసుంటే ఉద్యోగాలు మిగిలేవి" అనే మాటకి వస్తా. ఇది నిజమా అని చూడటానికి మనకి తర్వాత జరిగింది ఉంది. ఫైనల్ షేప్‌ని 2024 ఫిబ్రవరి నుంచి జూన్ 4కి వాయిదా వేశారు. మధ్యలో ఏప్రిల్‌లో ఇన్‌టు ది లైట్ అనే అప్‌డేట్‌ని అందరికీ ఫ్రీగా ఇచ్చారు. అదే ఏప్రిల్‌లో ప్రిజ్మాటిక్ అనే కొత్త పవర్, డ్రెడ్ అనే కొత్త శత్రువుల్ని చూపించారు. అవేవీ ఆగస్టులో ప్రీఆర్డర్లు తెరిచిన రోజు చూపించలేదు. అంటే ఆ రోజు ఆగినవాళ్లు ఆగింది కరెక్టే, చూడాల్సింది ఇంకా బయటికి రాలేదు.

అప్పుడు నాకు ఎంసెట్ అయిపోయి సెలవులు. కొత్త ఉద్యోగం దొరికిన అన్నయ్య రూమ్‌లో, ఆయన లాప్‌టాప్ మీద ఆడాను. రిలీజ్ రోజు స్టీమ్‌లో 3 లక్షల 14 వేల మంది. లైట్‌ఫాల్‌కి ఇంచుమించు సమానం. ముందు కొననివాళ్లు వచ్చేశారన్నమాట. వాళ్లు "వద్దు" అనలేదు, "చూసి వస్తాం" అన్నారు, చూసి వచ్చారు. రివ్యూలు కూడా అదిరిపోయాయి. కేడ్-6 కనిపించినప్పుడు అన్నయ్య కళ్లు తుడుచుకోవడం నేను చూశా, ఆయన మాత్రం ఏసీ అన్నాడు.

ఇంత జరిగాక దాదాపు రెండు నెలలకి, జూలై 31న, బంగీ మళ్లీ 220 మందిని తీసేసింది. స్టూడియోలో 17 శాతం. అప్పటి సీఈఓ పీట్ పార్సన్స్ రాసిన లేఖలో కారణాలు ఆయనే చెప్పాడు. ఖర్చులు పెరిగాయి, ఒకేసారి మరీ ఎక్కువ ప్రాజెక్టులు మొదలుపెట్టి మనుషుల్ని పల్చగా పంచేశాం, అది మోయలేకపోయాం అని. వీక్ ప్రీఆర్డర్ల తర్వాత లేఆఫ్స్, సూపర్ హిట్ తర్వాత కూడా లేఆఫ్స్. మరి ఉద్యోగాలు నా ప్రీఆర్డర్ మీదే ఆధారపడ్డాయని ఎలా నమ్మమంటారు?

ఇక్కడ నా వాదనకి అడ్డొచ్చే విషయం ఒకటుంది, దాచను. పోయిన ఎక్స్‌పాన్షన్ బాగుంటే జనం వస్తారు అన్నాను కదా. ఫైనల్ షేప్ అంత బాగుంటే దాని తర్వాత 2025 జూలైలో వచ్చిన ఎడ్జ్ ఆఫ్ ఫేట్‌కి జనం పోటెత్తాలి. స్టీమ్‌లో ఒకేసారి ఆడినవాళ్లు లక్ష కూడా దాటలేదు. రూమ్మేట్ నన్ను పట్టుకున్నది కూడా ఇక్కడే. "చూశావా, మంచిగా తీసినా రాలేదుగా" అన్నాడు.

నేను చాలా ఆలోచించా. పదేళ్ల కథ అయిపోయింది కాబట్టి చాలామంది అక్కడే దిగిపోయారు, అది ఒకటి. సీరియల్ చివరి ఎపిసోడ్ చూశాక టీవీ కట్టేసినట్టు. కానీ ఇంకోటి కూడా ఉందని నా అభిప్రాయం. నమ్మకం పెట్టేది గేమ్ పేరు మీద కాదు, చేసే మనుషుల మీద. మంచిది చేసి చూపించిన రెండు నెలలకే అందులో 220 మందిని పంపేస్తే, తర్వాతది కూడా అలాగే ఉంటుందని ఏ ధైర్యంతో ముందే డబ్బు కట్టాలి? మా తాతయ్య భాషలో చెప్పాలంటే విత్తనాల గింజలు వండుకు తినేశారు. ఆ పూట గడిచింది. వచ్చే ఏడు చల్లడానికి గింజ లేదు.

రూమ్మేట్‌కి ఇదంతా చెప్పా. వాడు ఒప్పుకోలేదు. "నాకు నచ్చింది, నేను కడతా, నా డబ్బు" అన్నాడు. కట్టుకో మావా. నిజంగా. ఇష్టంతో కట్టేదాన్ని నేను వెక్కిరించను. ఒకప్పుడు నేనూ వేరే గేమ్‌కి, పేరెందుకులెండి, పుట్టినరోజు డబ్బంతా ముందే కట్టి, రిలీజ్ రోజు లాగిన్ స్క్రీన్ దగ్గరే తెల్లారేదాకా కూర్చున్నవాడినే. నేను అడిగేది ఒక్కటే. కట్టనివాడిని హంతకుడు అనకు. ఆ మాట కంపెనీ మీటింగ్‌లో ఎవరికో బాగా పనికొస్తుంది. వాళ్లు వేసిన నంబర్ తప్పిందని కాకుండా, జనం మోసం చేశారని చెప్పుకోవచ్చు.

ఇది మనకెందుకు అనుకోకండి. ఇంకో రెండేళ్లలో మనలో చాలామంది అన్నయ్య కూర్చున్న కుర్చీల్లోనే కూర్చుంటాం. కొంతమంది ఆ ఎక్సెల్ షీట్ ఉన్న రూమ్‌లో కూడా కూర్చోవచ్చు. ఆ రోజు నంబర్ వేసేటప్పుడు మన పేరు కూడా పక్కన రాద్దాం. తప్పితే ఎవరిని అడగాలో అందరికీ తెలియాలి కదా.

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. ఇప్పుడు ఆయన పని చేసే కంపెనీలో కూడా ఈ క్వార్టర్ టార్గెట్ పెద్దగా ఉందంట. "ఎవరేశారు?" అని అడిగా.

"అడగలేదురా" అన్నాడు. కాసేపాగి, "రేపు అడుగుతా" అన్నాడు.